ఎక్స్‌గ్రేషియా దయ, పింఛను హక్కు

మా నూజివీడు మామిడి తోటల్లో బంగినపల్లి, రసాలు జోరుగా కోతకు వచ్చే రోజులవి. 2025 మే 9న, ఆపరేషన్ సిందూర్ సమయంలో, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ వద్ద ప్రాణం పోగొట్టుకున్నాడు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, అయిదెకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. అంతకు అయిదేళ్ల ముందు, 2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో పాటు మరో 19 మంది నేలకొరిగారు. తెలంగాణ ప్రభుత్వం కల్నల్ కుటుంబానికి 5 కోట్లు, భార్యకు ఉద్యోగం, మిగతా 19 కుటుంబాలకు తలా 10 లక్షలు ఇచ్చింది. ఇతర రాష్ట్రాల జవాన్లను కూడా గుర్తుపెట్టుకున్న మంచి పని అది. కానీ ఈ సాయాలన్నీ ఆ రోజు ఆ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలు. ఇంకో రోజు, ఇంకో జవాను, ఇంకో ముఖ్యమంత్రి అయితే లెక్క మారుతుంది. ప్రకటించి, జీవో ఇచ్చి అమలు చేయకపోతే హైకోర్టు తలుపు తట్టవచ్చు. అసలు ప్రకటించనే లేదంటే అడగడానికి దారి లేదు. అందుకే మిలిటరీ కుటుంబానికి జరిగే అసలు గౌరవం పూలదండల దగ్గర కాదు, నిబంధనల దగ్గర తేలుతుందని నేను నమ్ముతాను. మా ప్రాంతంలో బిడ్డల్ని సైన్యానికి పంపిన ప్రతి ఇంటికీ ఆ నిబంధనలు తెలిసి ఉండాలి.

మనం అమరవీరుడు అంటాం. రక్షణ శాఖ నిబంధనల్లో ఆ మాట లేదు. అక్కడ ఉన్నవి రెండే: యుద్ధంలో, శత్రుచర్యలో మరణం ఒకటి, మిగతా కారణాల వల్ల మరణం మరొకటి. ఈ ఒక్క వర్గీకరణ మీదే ఇల్లాలి మిగతా జీవితం ఆధారపడుతుంది. యుద్ధ మరణమని రాస్తే ఆమెకు భర్త చివరగా తీసుకున్న జీతంతో సమానమైన లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. యుద్ధం కాకపోయినా సర్వీసు కారణంగానే మరణించాడని తేలితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ కింద ఆ జీతంలో 60 శాతం. సర్వీసుకు సంబంధం లేదంటే మామూలు కుటుంబ పింఛను 30 శాతం, మొదటి పదేళ్లు మాత్రం 50 శాతం. కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కూడా ఇలాగే మెట్లు మెట్లుగా ఉంటుంది. 2016 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం విధుల్లో ప్రమాద మరణానికి 25 లక్షలు, సరిహద్దు ఘర్షణల్లో అయితే 35 లక్షలు, యుద్ధంలో శత్రుచర్య వల్ల అయితే 45 లక్షలు. కాబట్టి యూనిట్ నుంచి వచ్చిన మరణ నివేదికలో, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో ఏ కారణం రాశారో కుటుంబం చదివి తీరాలి, లేదా తెలిసినవాళ్లతో చదివించుకోవాలి. మంచుకొండల్లో గుండె ఆగితే, ఎడారిలో కిడ్నీ చెడితే 'ఇది జబ్బు, మా బాధ్యత కాదు' అని రాయడం కొత్త కాదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ధోరణికి కళ్లెం వేసింది. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని తీసుకున్నాక, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదని నిరూపించే భారం సైన్యం మీదే ఉంటుందని చెప్పింది. అది వైకల్య పింఛను కేసే, కానీ మరణాలకూ అవే నిబంధనలు వర్తిస్తాయి.

కొడుకు పోయిన ఇంట్లో శాతాలు లెక్కపెట్టడం అవమానం కాదా అని కొందరు బాధపడతారు. ఆ బాధ నిజమైనదే. కానీ పాడె ఊరు దాటాక ఆ ఇంట్లో మిగిలేవి పిల్లల ఫీజులు, అత్తమామల మందులు, తోట మీద తెచ్చిన అప్పు. ఆ లెక్క మనం వేయకపోతే ఎవరో వేస్తారు, వాళ్లకు అనువుగా వేస్తారు. ఇంకో అభ్యంతరం అగ్నివీరుల గురించి: నాలుగేళ్ల ఉద్యోగమని, పింఛను లేదని తెలిసే చేరారు కదా, కోటికి పైగా వస్తుంది కదా అని. వస్తుంది, కాదనను. విధుల్లో మరణిస్తే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి ఉన్నాయి. కానీ పెళ్లికాని మామూలు జవాను యుద్ధంలో మరణిస్తే తల్లిదండ్రులిద్దరికీ కలిపి లిబరలైజ్డ్ పింఛనులో 75 శాతం, ఒక్కరే ఉంటే 60 శాతం బతికినన్నాళ్లూ వస్తుంది. అదే రోజు అదే బంకర్‌లో మరణించిన అగ్నివీర్ తల్లికి అది లేదు. నాలుగేళ్లకే ఇంటికి వెళ్లేవాడికి పింఛను లేదనడంలో ఒక తర్కం ఉంది. మరణించినవాడి విషయంలో ఆ తర్కం నిలవదు, ఎందుకంటే అతను గడువు కాదు, ప్రాణం ఇచ్చాడు. రక్షణ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా 2024లో ఈ కుటుంబాలకు మామూలు జవాన్ల కుటుంబాలతో సమాన ప్రయోజనాలు ఇవ్వాలని సిఫారసు చేసింది. మురళీ నాయక్ తల్లి ఇదే ప్రశ్నతో బాంబే హైకోర్టుకు వెళ్లారు. అది ఒక్క ఇంటి దావా కాదు.

ఇక ఇంట్లోనే పుట్టే తగాదా. తరచు అత్తాకోడళ్ల మధ్య, ఎక్కువగా తోట గట్టు మీద. ముందు ఒకటి స్పష్టంగా తెలుసుకోవాలి: కుటుంబ పింఛను ఆస్తి కాదు, దాన్ని విల్లు రాసి ఇంకొకరికి ఇవ్వడం కుదరదని 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిబంధన ఎవరికి ఇమ్మంటే వాళ్లకే పోతుంది, భార్య ఉంటే ముందు ఆమెకు. బీమా డబ్బు నామినీ చేతికి వస్తుంది, కానీ నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమేనని, వారసుల హక్కు అలాగే ఉంటుందని, 2015 బీమా చట్ట సవరణకు ముందు, 1984 నాటి సర్బతీ దేవి తీర్పు చెప్పింది. భూమికి వస్తే, హిందూ కుటుంబంలో విల్లు లేకుండా పోయిన జవాను వాటా భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకుంటారు. తండ్రికి ఈ వరుసలో చోటు లేదు. ఈ సంగతి చాలామంది తండ్రులకు గుండెకోతగా తోస్తుంది, కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం అంతే. చెట్లు నాటింది తానైనా, భూమి కొడుకు పేరిట ఉంటే వారసత్వం కొడుకు నుంచే నడుస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే కోడలికి తోట వాటా పోతుందన్న మాట మా ఊళ్లలో ఇంకా చెలామణిలో ఉంది. అది తప్పు. భర్త నుంచి ఒకసారి సంక్రమించిన ఆస్తి పునర్వివాహంతో పోదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. లిబరలైజ్డ్, స్పెషల్ పింఛన్లు కూడా వాటంతట అవి ఆగిపోవు, పిల్లల్ని ఆమే సాకుతోందా అన్నది చూస్తారు. ఇరవై ఏళ్ల వయసులో బొట్టు చెరిగిన పిల్లని తోట పేరు చెప్పి జీవితాంతం కట్టిపడేయడాన్ని త్యాగానికి గౌరవం అనడం నాకు నచ్చదు. తల్లిదండ్రుల కడుపుకోతకు విడిగా సమాధానం చూడాలి. ఆ భారం ప్రభుత్వానిది, కోడలిది కాదు.

జవాను బతికి ఉండగా చేయాల్సిన పనులు చిన్నవే, కానీ ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది అక్కడే. పెళ్లి, పిల్లల పుట్టుక యూనిట్ పార్ట్ టూ ఆర్డర్లలో (సర్వీసు రికార్డులో వివరాలు చేర్చే ఉత్తర్వుల్లో) నమోదయ్యాయో లేదో సెలవుపై వచ్చినప్పుడే అడగాలి. ఆ నమోదు లేక భార్యలు పింఛను కోసం కాగితాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. మరో రక్షణ చాలామందికి తెలియనే తెలియదు: 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం ప్రకారం, యుద్ధ పరిస్థితుల్లో పనిచేస్తున్న జవాను మీద గట్టు తగాదా దావా వేస్తే, అతను హాజరు కాలేక, అతని తరఫున కూడా ఎవరూ లేకపోతే, కోర్టు దాన్ని ఆపాలి. అతను లేకుండా ఇచ్చిన డిక్రీని రద్దు చేయమని కూడా అడగవచ్చు.

పింఛను, వర్గీకరణ వివాదాలకు 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. చెన్నై బెంచి పరిధిలోకి మనం వస్తాం. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలి. వకీలు ఫీజు గురించి భయపడనక్కర్లేదు: 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఏ మహిళకైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలి, 15100కు ఫోన్ చేయవచ్చు. జవాన్ల కుటుంబాల కోసమే జాతీయ న్యాయసేవల సంస్థ 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. నూజివీడు 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది కాబట్టి పాత ఫైలు ఏ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉందో ముందు కనుక్కోండి. ఏళ్లు గడిచిపోయాయి, ఇప్పుడేం వస్తుందిలే అని ఆగిపోవద్దు. పింఛను ఇవ్వకపోవడం నెలనెలా కొనసాగే తప్పని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది, కాబట్టి ఇప్పుడు కేసు వేసినా పింఛను అడగవచ్చు. బకాయిలు మాత్రం మామూలుగా వెనక్కి మూడేళ్లకే ఇస్తారు.