మేనల్లునకు నడకను గూర్చి



నీ రక్తపరీక్షలో షుగరు హద్దుకు వచ్చి నిలిచినదని మీ అమ్మ ఫోనులో చెప్పినది మొదలు నా మనస్సు నీయందే యున్నది. ఆహారమును, మందును గూర్చి వైద్యుడు చెప్పినట్లు చేయుము. నేను వ్రాయబూనినది నీకు తెలియకయే నీ దినచర్యనుండి జారిపోయిన నడకను గూర్చి.

మీ అమ్మమ్మ పర్చూరు వైపు నల్లరేగడి చేలలో పత్తితీతకు పోయిన దినములలో తెల్లవారకమునుపే ఊరు విడిచి, చేరినతోడనే నడుమున ఒడి కట్టుకొని, పదిమందితోపాటు మునుము పట్టి, పగిలిన కాయలనుండి దూదిని ఒడుపుగా లాగుచు సాలు వెంబడి సాగి, ఒడి నిండిన ప్రతిసారియు గట్టుకు వచ్చి పరచిన దుప్పటిలో క్రుమ్మరించి, మరల తన సాలు వెదకికొని పోయెడిది. ఆరోగ్యము కొరకని ఆమె ఒక్కనాడును నడువలేదు. పనియే ఆమెను నడిపించెను. నీవో, బ్రాడీపేటలో గుమ్మము ముందే బండి యెక్కి మిర్చియార్డు దగ్గరి కమీషను కొట్టు ముందు దిగుదువు. మిరప టిక్కీల (బస్తాల) లెక్కయు, కాటా చీటీలును, బ్యాంకు వ్యవహారమును కుర్చీలోనే జరుగును. టీ సైతము నీ బల్లమీదికే వచ్చును. ఇది నీ బద్ధకము కాదు, నీ పని స్వరూపమట్టిది. కనుకనే, ప్రతి ఉదయము స్టేడియమునకు బండిమీద పోయి నడిచి వచ్చెదనన్న నీ సంకల్పముపై నాకంత నమ్మకము కుదురుట లేదు: మాఘ ఫాల్గుణములలో యార్డుకు సరుకు వెల్లువెత్తి, రాత్రి ప్రొద్దుపోవుదాక చిట్టాలు వ్రాయవలసి వచ్చినప్పుడు నీవు మొదట మానునది ఆ నడకనే.

పనిలోని కదలికకు ఎంత బలము కలదో 1953లో జెరెమీ మారిస్ అను వైద్యశాస్త్రజ్ఞుడు లండను బస్సులలో చూపెను. రెండంతస్తుల బస్సును దినమంతయు కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె, టిక్కెట్లకై మెట్లెక్కి దిగుచుండు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని తేలినది. మన సుశ్రుతుడు అంతకు ఎన్నియో శతాబ్దముల పూర్వమే, ప్రమేహ (మధుమేహాది) రోగి నిర్ధనుడైనచో గొడుగును పాదరక్షలును లేక, భిక్షాన్నము భుజించుచు, ఊరికొక్క రాత్రి నిలిచి, నూరు యోజనములో అంతకు మించియో నడువవలెనని విధించెను. ఇందులో పాదరక్షలు లేకుండుటను మాత్రము నీవు పాటింపవలదు. షుగరు ముదిరినవారికి పాదమున చిన్న పుండైనను త్వరగా మానదు గనుక, ఇప్పటినుండియే మడమను పట్టియుంచు మంచి బూట్లు తొడుగుకొనుము.

కొట్టునకు అరమైలు ఇవతలనే బండి నిలుపుము. సరుకు చూడవలసి వచ్చినప్పుడు గుమాస్తాను పంపక, ఘాటు తగులకుండ ముక్కునకు గుడ్డ కట్టుకొని, టిక్కీల వరుసల నడుమ నీవే పోయి చూడుము. టీకి నీవే వీధిలోనికి పొమ్ము. ఫోను మ్రోగినపుడు లేచి తిరుగుచు మాటాడుము. అన్నింటికంటె ముఖ్యముగా, మధ్యాహ్నము గాని రాత్రి గాని భోజనమైన పిదప పది పదునైదు నిమిషములు నడువుము. అప్పుడే రక్తములోనికి చేరుచున్న చక్కెరను కదలుచున్న కండరములు తీసికొనును. బ్రాడీపేట లైన్లు తిన్నగా నున్నవి, ఒక లైనులో పోయి మరియొక లైనులో రావచ్చును. కోడలిని కూడ తోడుకొని పొమ్ము, ఇంటి మాటలన్నియు అప్పుడే తీరును. పదివేల అడుగులు నడువలేకపోతినని దిగులు వలదు. ఆ సంఖ్య 1965లో జపానులో అడుగులు లెక్కించు ఒక పరికరమునకు పెట్టిన పేరుతో వ్యాపించినదే గాని వైద్యులు తేల్చినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది వారమునకు కనీసము 150 నిమిషముల చురుకైన కదలిక; అదియైనను ఏకబిగిన చేయనక్కరలేదు, తునకలుగా కూడినను చాలును.

మన సీమ యెండ నీ వెరుగనిది కాదు. ఉగాది దాటినది మొదలు తొలకరి పడుదాక మధ్యాహ్నపు నడకను కొట్టులోని నీడపట్టునకే పరిమితము చేసి, మిగిలినది ప్రొద్దు వాలిన తరువాత పెట్టుకొనుము. కాలిబాట లేని పెద్దరోడ్డుమీద ఎదుటి వాహనములు కనబడునట్లు కుడిప్రక్కనే నడువవలెను; చీకటిలో లేతరంగు చొక్కా తొడుగుకొనుము. ఛాతీలో నొప్పియో, ఆయాసమో తోచినచో నిలిచిపోయి వైద్యునికి చూపుము, దాచవలదు.

సంక్రాంతికి మీరందరు వచ్చుచున్నారని మీ అత్త సంబరపడుచున్నది. బస్సు దిగినచోటికి బండి పంపుమని అడుగకుము. సామాను ఆటోలో వేసి, పిల్లలను చేతబట్టుకొని, చేల నడుమనున్న డొంకదారిన నడచి రండు. నేను ఊరి మొగదలకు ఎదురు వత్తును.

ఇట్లు,
నీ మేనమామ