వింటర్ ట్రెక్‌కి వెళ్తున్నారా? అవలాంచ్ దగ్గర మీ ఫోన్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

డిసెంబర్ వస్తుందంటే చాలు, హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో కేదార్‌కంఠ ప్లాన్లు మొదలవుతాయి. నాది పాలమూరు. మా వైపు నుంచి, నల్లగొండ వైపు నుంచి వెళ్లే ఫ్రెండ్స్ నన్ను అడిగేది ఒకటే: "అన్నా, మంచులో ఏ ఫోన్ బాగుంటది?" కెమెరా, బ్యాటరీ సంగతి తర్వాత. ముందు మంచు కొండ ఎలా జారుతుందో, అక్కడ మన గ్యాడ్జెట్లలో ఏవి నిజంగా పనికొస్తాయో చూద్దాం.

ముందుగా ఒక మాట. మన పేపర్లలో మంచు కురవడాన్నీ, మంచు చరియ విరిగిపడటాన్నీ రెండింటినీ 'హిమపాతం' అనే రాస్తుంటారు. రెండూ వేర్వేరు కాబట్టి ఇక్కడ అవలాంచ్ అనే వాడుతున్నా.

ఇది మనకు సంబంధం లేని విషయం కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనమ్ పోస్ట్ మీద అవలాంచ్ పడి 10 మంది సైనికులు మంచు కింద చిక్కుకున్నారు. వాళ్లలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి గుట్ట మీదే. వాళ్లు టిబెట్ వైపు నుంచి మే 25న శిఖరం చేరారు. అదే సీజన్‌లో ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ వర్కర్లు చనిపోయారు.

అవలాంచ్ ఎందుకు వస్తుంది? మంచు ఒకేసారి కురవదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. కింద ఒక బలహీనమైన పొర ఉండి, దాని మీద కొత్త మంచు బరువు పడితే పై పొర మొత్తం పలకలా విడిపోయి జారుతుంది. ఆ చివరి బరువు ఒక మనిషి అడుగు కూడా కావొచ్చు. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నచోట ఈ ప్రమాదం ఎక్కువ. అంతకంటే తక్కువైతే జారడం అరుదు. మరీ నిట్టనిలువుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది.

ఫోన్ బాగా పనికొచ్చేది ఇక్కడే. ఐఫోన్‌లో మెజర్ యాప్‌లోని లెవెల్, ఆండ్రాయిడ్‌లో ఏదైనా ఇన్‌క్లినోమీటర్ యాప్ తెరవండి. ట్రెక్కింగ్ కర్రను వాలు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ అంచు పెడితే డిగ్రీలు కనిపిస్తాయి. దీన్ని ప్రాక్టీస్ చేయడానికి హిమాలయాలే అక్కర్లేదు, భువనగిరి గుట్ట బండ చాలు. 35 డిగ్రీలు అంటే ఎంత వాలో కాళ్లకు ఒకసారి అలవాటైతే మంచులో కళ్లు మోసపోవు. అయితే మీరు నిల్చున్నది చదును నేలే అయినా, పైన నిటారు వాలు ఉంటే జారిన మంచు మీ దాకా వస్తుంది.

ఇక వెదర్ యాప్. సాంక్రి ఊరు సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంది, కేదార్‌కంఠ శిఖరం దాదాపు 3,800. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే యాప్ సాంక్రిలో 2 డిగ్రీలు చూపిస్తే పైన మైనస్ 10. గాలి చలి దానికి అదనం. టెంపరేచర్ కంటే ముఖ్యంగా చూడాల్సినవి మూడు: గత 24 గంటల్లో ఎంత మంచు కురిసింది, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎండ ఒక్కసారిగా పెరిగిందా. గాలి ఒక వైపు మంచును లేపి అవతలి వాలు మీద పోస్తుంది కాబట్టి, కొత్తగా కురవకపోయినా అక్కడ బరువు పెరుగుతూనే ఉంటుంది. వెస్టర్న్ డిస్టర్బెన్స్ వెళ్లిపోయాక వచ్చే మొదటి ఎండ రోజు రీల్స్‌కి సూపర్‌గా ఉంటుంది, కానీ ఆ రోజు రిస్క్ కూడా ఎక్కువే. డీఆర్‌డీఓకి చెందిన డీజీఆర్‌ఈ అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. ఎన్‌డీఎంఏ వాళ్ల సచేత్ యాప్ కూడా ఫోన్‌లో పెట్టుకోండి.

మరి మంచు కింద పడితే? సారీ, అక్కడ ఫోన్‌ను నమ్ముకోవద్దు. పూర్తిగా కప్పబడ్డ వాళ్లలో మొదటి పదీ పదిహేను నిమిషాల్లో బయటకు తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే ఊపిరాడక ఆ అవకాశం బాగా పడిపోతుంది. జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను తడి మంచు మింగేస్తుంది. అందుకే అవలాంచ్ బీకన్లు ప్రపంచమంతా 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ సిగ్నల్ మంచును సులువుగా దాటుతుంది, ఏ కంపెనీ బీకన్ అయినా ఇంకో కంపెనీదాన్ని పట్టుకోగలదు. బీకన్‌తో పాటు మంచులో గుచ్చి చూసే ప్రోబ్ కర్ర, తవ్వడానికి పార ఉండాలి. గ్రూపులో ఒక్కడి దగ్గరే బీకన్ ఉంటే లాభం లేదు, అందరి దగ్గరా ఉండాలి, అందరికీ వాడటం రావాలి.

ఇంకో సంగతి, ఫోన్ ఆ బీకన్‌కి అడ్డం కూడా పడుతుంది. మామూలుగా నడిచేటప్పుడు రెండింటి మధ్య కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉండాలి. స్మార్ట్‌వాచ్, ఇయర్‌బడ్స్, మాగ్నెట్ ఉన్న ఫోన్ కవర్‌కీ ఇదే రూల్.

బ్యాటరీ గురించి మనకు తెలిసిందల్లా మే నెల ఎండలో ఫోన్ కాలిపోవడమే. చలిలో కథ వేరు. ఐఫోన్ వాడకానికి యాపిల్ చెప్పే పరిధి 0 నుంచి 35 డిగ్రీలు. ఐపీ68 అనేది నీళ్లకు, దుమ్ముకే, చలికి కాదు. లిథియం బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ చలికి పెరిగి, 30 శాతం చూపిస్తూనే ఫోన్ ఆఫ్ అయిపోవచ్చు. లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకోండి. సున్నా కంటే తక్కువలో ఛార్జింగ్ పెట్టొద్దు, లోపల లిథియం పూతలా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

శాటిలైట్ మెసెంజర్ కొనేద్దాం అనుకునేవాళ్లు ఆగండి. టెలికం శాఖ అనుమతి లేకుండా గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి, శాటిలైట్ ఫోన్లు మన దేశంలో దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడినవాళ్లున్నారు.

డబ్బు కట్టే ముందు ట్రెక్ కంపెనీని ఈ మూడు అడగండి: దారిలో 30 డిగ్రీలు దాటే వాలు ఎక్కడెక్కడ ఉంది? మంచు ఎక్కువ కురిస్తే ఏ రోజు, ఎవరు వెనక్కి తిప్పుతారు? గైడ్ల దగ్గర బీకన్, ప్రోబ్, పార ఉన్నాయా? సమాధానంగా డ్రోన్ వీడియో లింక్ పంపితే ఇంకో కంపెనీ చూసుకోండి.