గౌరమ్మ పెళ్ళిపనులు

వివాహాన్ని షోడశ సంస్కారాలలో ఒకటిగా ధర్మశాస్త్రాలు పేర్కొన్నాయి. శాస్త్రదృష్టిలో కన్యాదానం, పాణిగ్రహణం, సప్తపది ముఖ్యమైన అంగాలు. ఇవన్నీ ఒక్క పూటలో ముగిసే కార్యాలే. కాని గోదావరి సీమలో పెళ్ళి అంటే ఆ ఒక్క పూట మాత్రమే కాదు. తాంబూలాలు పుచ్చుకున్న నాటి నుంచి అప్పగింతల వరకు సాగే దినచర్యకు ‘పెళ్ళిపనులు’ అని పేరు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెతలోని బరువంతా ఆ పనులదే.

లగ్నం కుదరగానే మంచిరోజు చూసి పసుపు దంచుతారు. రోకలికి పసుపుకొమ్ము కట్టి ముత్తైదువలు పోటు వేస్తూ పాట అందుకుంటారు. ఆ చప్పుడు విన్న వీధికి ఆ ఇంట పెళ్ళి అని వేరే చెప్పనక్కరలేదు. తరువాత అప్పడాలు, వడియాలు, సారెకు అరిసెలు, చలిమిడి. ముంగిట్లో రాట వేసి, కొబ్బరి మట్టలతోనో తాటాకులతోనో పందిరి కప్పి, అరటి బోదెలు నిలబెట్టి, మామిడాకు తోరణాలు కడతారు. కుమ్మరి ఇంటి నుంచి మేళంతో అరివేణి కుండలు వస్తాయి. మంగలి సన్నాయి ఊదుతాడు. పెళ్ళికూతురి గోళ్ళు తీసే వేడుకా ఆ ఇంటివారిదే. చాకలి మడతలు తెస్తాడు. వంటబ్రాహ్మణులు గాడిపొయ్యి తవ్వుతారు. నీళ్ళ కావళ్ళు ఏటికీ ఇంటికీ నడుస్తూనే ఉంటాయి. ఇన్ని పనుల నడుమ పెళ్ళికూతురు చేసే పని చాలా తక్కువ. నలుగు పెట్టించుకోవడం, మంగళస్నానం చేయడం, పారాణి పెట్టించుకోవడం, ముహూర్తానికి ముందు గౌరీపూజ చేయడం, ఇంతే. తక్కిన పనులన్నీ ఇతరుల చేతులే ఆమె కోసం చేస్తాయి.

విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెళ్ళి అన్నది వధూవరులు, వారి తల్లిదండ్రులు మాత్రమే జరుపుకోగల కార్యం కాదు. పురోహితుడు, వంటవాడు, నీళ్ళు మోసేవాడు, మేళగాడు, చాకలి, ముత్తైదువ, వీరిలో ఏ ఒక్కరు రాకపోయినా ఆ పని అక్కడే ఆగిపోతుంది. పాతకాలపు సంఘం చేతిలోని ‘వెలి’ అనే ఆయుధానికి పదును వచ్చింది ఇక్కడే. వెలి వేసిన ఇంటిని ఎవరూ కొట్టనక్కరలేదు, తిట్టనక్కరలేదు. ఆ ఇంటికి వచ్చే చేతులను ఆపితే చాలు.

చట్టం చేతిలో ఉన్నా ఆ చేతులు ఎలా ఆగిపోయాయో, వాటిని దాటుకొని ఒక పెళ్ళి ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే 1881 డిసెంబరు నాటి రాజమహేంద్రవరానికి వెళ్ళాలి. ఆనాటి పెళ్ళికూతురి పేరు గౌరమ్మ. ఆమె బాలవితంతువు.

గౌరమ్మ వంటి బాలికలు ఆ కాలంలో ప్రతి అగ్రహారంలోనూ ఉండేవారు. పలక పట్టవలసిన వయసులోనే పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టడం నాటి ఆచారం. ధనం తీసుకొని పసిబిడ్డలను వృద్ధులకు కట్టబెట్టే కన్యాశుల్క దురాచారం దానికి తోడైంది. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం మండలంలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన ఇటువంటి పెళ్ళిళ్ళ పట్టిక తయారు చేయించారు. గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకానికి రాసిన ఆంగ్ల పీఠికలో ఆ లెక్కలు ఉదాహరించారు. మూడేళ్ళలో లెక్కకు వచ్చినవి 1034 పెళ్ళిళ్ళు. వాటిలో పెళ్ళికూతురికి ఐదేళ్ళున్నవి 99, నాలుగేళ్ళున్నవి 44, మూడేళ్ళున్నవి 36. రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్లకు పెళ్ళి చేసిన సంఘంలో పదేళ్ళు నిండని వితంతువులు ఉండడం వింత కాదు.

వితంతువులకు మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కును ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషి ఫలితంగా 1856లో వచ్చిన చట్టం కల్పించింది. కన్యకు ఏ మంత్రాలతో, ఏ తంతుతో వివాహమైతే చెల్లుతుందో వితంతువుకూ ఆ తంతుతో వివాహం చెల్లుతుందని అందులో స్పష్టంగా ఉంది. మైనరు అయిన బాలవితంతువుకు తండ్రి, అతడు లేనప్పుడు తాత, ఆ ఇద్దరూ లేనప్పుడు తల్లి అంగీకారం కావాలని కూడా ఉంది. మళ్ళీ పెళ్ళాడిన వితంతువు మొదటి భర్త ఆస్తిపై హక్కు వదులుకోవాలన్న నిబంధన మాత్రం చేర్చారు. ఆ ఏడాది డిసెంబరులోనే కలకత్తాలో మొదటి వివాహం జరిగింది. గోదావరి తీరంలో అటువంటి పెళ్ళి ఒకటి జరగడానికి పాతికేళ్ళు పట్టింది. మంత్రాలు చెల్లుతాయని చట్టం చెప్పగలిగింది కాని, మంత్రాలు చెప్పేవానిని పందిట్లోకి తీసుకురాలేకపోయింది. ఏ చట్టమూ ఏటి నుంచి కడివెడు నీళ్ళు తెచ్చి పెట్టదు.

కందుకూరి వీరేశలింగం 1848లో రాజమహేంద్రవరంలో జన్మించారు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను, ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను ప్రారంభించారు. తరువాత రాజమహేంద్రవరంలో తెలుగు పండితులుగా ఉంటూ 1879 ఆగస్టు 3న వితంతు వివాహాలను సమర్థిస్తూ బహిరంగోపన్యాసం చేశారు. విద్యాసాగరుని వలెనే పరాశరస్మృతిని ఆధారంగా చూపారు. పండితులు ఖండనలు రాశారు. ఆయన ప్రతిఖండనలు రాశారు. శాస్త్రవాదంలో ఎవరిది పైచేయి అయినా, ఒక్క పెళ్ళి జరిగితే తప్ప ఈ వాదానికి విలువ లేదని ఆయనకు తెలుసు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య పదివేల రూపాయలు ఇచ్చి ధైర్యం చెప్పారు. ఆ రోజులలో అది చిన్న మొత్తం కాదు. డబ్బు ఉంది, శాస్త్రం ఉంది, చట్టం ఉంది. కావలసింది పెళ్ళికూతురు.

కృష్ణా మండలం తిరువూరు ప్రాంతంలో ఒక బ్రాహ్మణ వితంతువు తన కుమార్తెకు మళ్ళీ పెళ్ళి చేయడానికి ఇష్టపడుతున్నదని వీరేశలింగంగారికి మిత్రుల ద్వారా తెలిసింది. ఆ కుమార్తెయే గౌరమ్మ. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళ ప్రాయం. సంస్కర్తలను గురించి విశేషంగా చెప్పుకొనే మనం ఈ తల్లిని గురించి ఒక్క నిమిషం ఆలోచించాలి. వైధవ్యం అంటే ఏమిటో పుస్తకాలలో చదివి తెలుసుకున్న స్త్రీ కాదామె. కూతురు ఏ బ్రతుకు బ్రతకవలసి ఉందో ఆమెకు తన దినచర్యే చెప్పింది. బంధువర్గం ఏమంటుందో తెలిసే ఆమె ఒప్పుకున్నది.

గౌరమ్మను రహస్యంగా రాజమహేంద్రవరానికి చేర్చారు. అప్పటికి గోదావరిపై రైలు వంతెన లేదు. అది 1900లో వచ్చింది. ఎడ్లబండ్లు, ఆనకట్ట కాలువలలో నడిచే పడవలే ఆనాటి ప్రయాణ సాధనాలు. పెళ్ళికూతురి ప్రయాణం బాజాభజంత్రీలతో పదిమందికీ తెలిసేటట్లు జరగడం లోకాచారం. ఈ పెళ్ళికూతురు ఎవరి కంటా పడకుండా రావలసివచ్చింది.

వీరేశలింగంగారి ఇంట గౌరమ్మ గడిపిన దినాలను మామూలు పెళ్ళికూతురి దినాల పక్కన పెట్టి చూస్తే ఆనాటి సంఘం స్వరూపం తెలుస్తుంది. బాలవితంతువుకు పసుపు లేదు, కుంకుమ లేదు, పూలు లేవు. పేరంటానికి పిలుపు లేదు. శుభకార్యానికి బయలుదేరినవారికి ఆమె ఎదురు రాకూడదు. తోటి పిల్లలు అట్లతద్దికి ఉయ్యాలలూగుతుంటే ఆమె ఇంటి వెనుకనే ఉండాలి. అటువంటి పిల్లను ఇప్పుడు పీట మీద కూర్చోబెట్టి నలుగు పెట్టాలి, నుదుట బొట్టు దిద్దాలి. ఏ వస్తువులు తాకితే పాపమని అంతవరకు చెప్పారో ఆ వస్తువులతోనే ఇప్పుడు మంగళకార్యం. పన్నెండేళ్ళ పిల్ల మనసుకు ఇది ఎంత కలవరమో ఊహించవచ్చు. వాకిట్లోనేమో సన్నాయి మేళానికి బదులు కాపలా. పెళ్ళికూతురిని ఎవరైనా ఎత్తుకుపోతారేమో, పెళ్ళి చెడగొడతారేమో అన్న భయంతో విద్యార్థులు ఇంటి చుట్టూ కాపు కాశారు. ముహూర్తానికి పోలీసు బందోబస్తు కూడా ఏర్పాటైంది.

లోపల చేతులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. పురోహితుడు దొరకడమే గగనమైంది. ఈ పెళ్ళిళ్ళు జరిపించిన ఇంటిలో వంటవారు నిలవలేదు, నీళ్ళు మోసేవారు మానుకున్నారు. ఆ లోటును పూరించిన వ్యక్తి వీరేశలింగంగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు. నీళ్ళవారు రాకపోతే ఆమె స్వయంగా గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చారు. వంటవారు లేకపోతే తానే పొయ్యి వెలిగించి పెళ్ళివారికి వండి వడ్డించారు. భర్తను విడిచి రమ్మని అయినవారే ఒత్తిడి చేసినా ఆమె కదలలేదు. పండితులతో వాదించడానికి కావలసిన ధైర్యం ఒకటి; స్నానఘట్టంలో వందకళ్ళు చూస్తుండగా తడిబిందె చంకనెత్తుకొని నడవడానికి కావలసిన ధైర్యం ఇంకొకటి. రెండవది తక్కువదని ఎవరూ అనలేరు. ఉపన్యాసాల తారీకులు నమోదయ్యాయి. బిందెల లెక్క ఎవరూ రాయలేదు.

1881 డిసెంబరు 11న వీరేశలింగంగారి ఇంట గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుతో శాస్త్రోక్తంగా వివాహం జరిగింది. ఆంధ్రదేశంలో సంస్కరణోద్యమం తరఫున జరిగిన మొదటి వితంతు వివాహంగా ఇది ప్రసిద్ధి కెక్కింది.

ఈ కథ చదువుతున్న నేటి విద్యార్థికి ఒక సందేహం కలగడం సహజం. పన్నెండేళ్ళ బాలికకు మళ్ళీ పెళ్ళి చేయడం బాల్యవివాహం కాదా? నేటి చట్టం ప్రకారం నిస్సందేహంగా అవుతుంది. బాలికల కనీస వివాహ వయస్సును శారదా చట్టం 1929లో పద్నాలుగేళ్ళుగా నిర్ణయించింది. ఇప్పుడు అది పద్దెనిమిదేళ్ళు. ఆ లెక్కన ఇంటర్మీడియట్ తరగతి గదిలో కూర్చున్న బాలికలలో చాలామందికి ఇంకా పెళ్ళి వయస్సే రాలేదు. గౌరమ్మను ఆనాడు ఎవరూ చదువుకుంటావా అని అడిగే వీలు లేదు. ఆమె ముందున్నవి రెండే దారులు: బ్రతికినంతకాలం వైధవ్యం లేదా మళ్ళీ పెళ్ళి. పైగా ఈ వృత్తాంతం మనకు ప్రధానంగా తెలిసింది వీరేశలింగంగారి ‘స్వీయచరిత్రము’ ద్వారా, అంటే పెళ్ళి చేయించినవారి కలం ద్వారా. పెళ్ళికూతురి కలం ద్వారా కాదు. ఆమె పలక పట్టే అవకాశం ఉండి ఉంటే ఆ డిసెంబరు దినాలను గురించి ఏమని రాసేదో!

పెళ్ళి ముగిసినంత మాత్రాన పెళ్ళిపనుల బెడద ముగియలేదు. మామూలు ఇంటిలో మేళతాళాలు సద్దుమణిగాక బంధువులు మరి నాలుగు రోజులుండి మిగిలిన అరిసెలు పంచుకొని వెళతారు. ఇక్కడ పెళ్ళికి వచ్చినవారు ఎవరెవరో లెక్క తీయడం మొదలైంది. పీఠాధిపతి శ్రీముఖంతో వెలి ప్రకటన వెలువడింది. విందులో కూర్చున్నవారిలో కొందరు బంధువుల పోరు పడలేక ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందనో, తండ్రి తద్దినానికి భోక్తలు దొరకరనో భయపడి వెనుకంజ వేసినవారిని పిరికివారని కొట్టివేయడం సులభం. కాని వెలి వారిని నొక్కింది సరిగ్గా ఆ చోటనే. నిలబడినవారి విలువ తెలియాలంటే వెనుదిరిగినవారి ఇబ్బంది కూడా తెలియాలి.

వీరేశలింగంగారు మాత్రం ఆలస్యం చేయలేదు. గౌరమ్మ పెళ్ళి జరిగిన నాలుగు రోజులకే, డిసెంబరు 15న, రాజమహేంద్రవరంలో రెండవ వితంతు వివాహం జరిపించారు. జీవితకాలంలో ఆయన జరిపించిన ఇటువంటి వివాహాలు సుమారు నలభై. పెళ్ళయి వెలికి గురైన దంపతులకు ఆశ్రయం, గృహాలు విడిచి వచ్చిన వితంతువులకు అన్నం, పురుళ్ళు, పథ్యాలు, ఇవన్నీ 1910 ఆగస్టులో కన్నుమూసే వరకు రాజ్యలక్ష్మమ్మగారి దినచర్యలో భాగమయ్యాయి.