వంటింటి సొరుగుకు కొత్త స్లైడ్లు: అమెరికాలో ఇల్లు కొన్నవాళ్లకు

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్నవాళ్లకు వంటింటి సొరుగులు మొరాయించగానే వచ్చే మొదటి ఆలోచన కిచెన్ మొత్తం రీమోడల్ చేయిద్దామని. కాంట్రాక్టర్ వచ్చి చెప్పే అంకె వేలల్లో ఉంటుంది. అది విని ఆ సంగతే వదిలేస్తారు. సొరుగు మాత్రం కిర్రుమంటూ, పక్కకు ఒరుగుతూ, మోకాలితో నెడితేగానీ మూసుకోకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. చాలా ఇళ్లలో చెడింది కాబినెట్టూ కాదు, సొరుగు పెట్టే కూడా కాదు. సొరుగును మోసే రెండు ఇనుప పట్టాలు అరిగిపోయి ఉంటాయి, లేదా వెనక ఉన్న ప్లాస్టిక్ ముక్క విరిగి ఉంటుంది. వాటిని మార్చడానికి సొరుగుకు ఇరవై డాలర్ల లోపే అవుతుంది. ఒక స్క్రూడ్రైవరు, డ్రిల్లు, ఒక శనివారం మధ్యాహ్నం చాలు.

మన దగ్గర వడ్రంగులు ఛానల్ అనే వస్తువును ఇక్కడ షాపులో డ్రాయర్ స్లైడ్ అని అడగాలి. గ్లైడ్ అన్నా అర్థమవుతుంది. అద్దె అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లు మాత్రం ఈ పనికి దిగకండి. ఆఫీసుకు మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టండి, మార్చాల్సిన బాధ్యత సాధారణంగా వాళ్లది. సొంతంగా కాబినెట్‌కు కన్నాలు పెడితే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది. ఇక్కడినుంచి చెప్పేదంతా సొంత ఇల్లు ఉన్నవాళ్లకే.

అసలు మన ఇళ్లలోనే సొరుగులు ఎందుకు తొందరగా పాడవుతాయో ముందు చూద్దాం. అమెరికాలో తయారయ్యే కిచెన్ కాబినెట్లకు కేసీఎంఏ అనే తయారీదారుల సంఘం ఒక పరీక్ష పెట్టింది. సొరుగులో చదరపు అడుగుకు 15 పౌండ్ల బరువు వేసి 25,000 సార్లు తెరిచి మూస్తారు. లోపల 15 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల లోతు ఉన్న మామూలు సొరుగుకు ఆ లెక్కన పడే బరువు దాదాపు 30 పౌండ్లు. స్పూన్లు, గరిటెలు, తువ్వాళ్లు పెట్టుకునే ఇంటికి అది ఎక్కువే. మన ఇంట్లో ఏం పెడతాం? 20 పౌండ్ల బియ్యం బస్తా ఒకటి, 4 పౌండ్ల కందిపప్పు, మినప్పప్పు ప్యాకెట్లు నాలుగు, ఒక ఇనుప పెనం, ఒక కుక్కరు. అక్కడికే దాదాపు 50 పౌండ్లు. ఇడ్లీ పాత్ర, మిక్సీ జార్లు ఇంకా లెక్కలోకి రాలేదు. కాబట్టి స్లైడ్లు కొనేటప్పుడు మెరుపు చూడకండి, చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ చూడకండి. ముందు మీ సొరుగు ఎంత బరువు మోయాలో చూడండి.

నా మట్టుకు నేను ఎవరడిగినా చెప్పే సలహా ఒక్కటే: ఖర్చు పెట్టాల్సింది స్టవ్ పక్కన కింద ఉన్న ఒకటి రెండు బరువు సొరుగుల మీదే. మిగతావాటికి చవకవే పెట్టండి, పనిచేస్తున్నవాటి జోలికి పోకండి. ఇంట్లో ఉన్న పన్నెండు సొరుగులకూ ఖరీదైన సాఫ్ట్ క్లోజ్ స్లైడ్లు వేసి, బియ్యం పెట్టేదానికి కూడా అదే తేలిక రకం వేసిన ఇళ్లు ఉన్నాయి. ఏడాది తిరగకుండా ఆ బియ్యం సొరుగే మళ్లీ కిందకు వేలాడుతుంది.

షాపులో కనబడే రకాలు ప్రధానంగా నాలుగు. మొదటిది తెల్లరంగు పూసిన రేకు పట్టా, చివర ప్లాస్టిక్ చక్రం. 1980లు, 90ల్లో కట్టిన ఇళ్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. జత పది డాలర్ల లోపే. కానీ సొరుగు మూడొంతులే బయటికి వస్తుంది, వెనక పావు భాగం చీకట్లోనే ఉండిపోతుంది. రెండోది బాల్ బేరింగ్ రకం. మన దగ్గర టెలిస్కోపిక్ ఛానల్ అని వేసేది ఇదే. సొరుగు పూర్తిగా బయటికి వస్తుంది, మామూలుగా 75 నుంచి 100 పౌండ్ల దాకా మోస్తుంది. 22 అంగుళాల జత అటూ ఇటూగా పది, ఇరవై డాలర్ల మధ్య దొరుకుతుంది. సాఫ్ట్ క్లోజ్ ఉంటే ఇంకాస్త ఎక్కువ. మూడోది సొరుగు అడుగున దాగి ఉండే అండర్‌మౌంట్. చూడ్డానికి బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. నాలుగోది సొరుగు అడుగున మధ్యలో ఒకే పట్టా ఉండే పాత రకం.

తక్కువ డబ్బుతో మన వంటింటికి సరిపోయేది బాల్ బేరింగ్ రకమే. చక్రాల స్లైడ్ తీసేసి దీన్ని వేయడం కూడా తేలిక. రెండింటికీ సొరుగుకు ఒక్కో పక్కన అర అంగుళం ఖాళీయే కావాలి కాబట్టి సొరుగు పెట్టెను మార్చనక్కర్లేదు. అండర్‌మౌంట్ సంగతి వేరు. సొరుగు అడుగు పలక కింద అర అంగుళం లోతు ఉండాలి, వెనక గాడ్లు కోయాలి, ముందు లాకులు బిగించాలి. పాత పెట్టెకు ఇవి సాధారణంగా కుదరవు. అంటే కొత్త పెట్టెలు చేయించాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది. మధ్య పట్టా ఉన్న పాత సొరుగుకూ జాగ్రత్త కావాలి. పక్కల అర అంగుళం ఖాళీ వదలకుండా పెట్టెను వెడల్పుగా చేసి ఉంటారు. అలాంటిదానికి మళ్లీ అదే మధ్య పట్టా కొత్తది కొనుక్కోవడమే నయం.

ఇప్పుడు కొలతలు. షాపుకు బయలుదేరేముందే చేయాల్సిన పని ఇది. సొరుగును పూర్తిగా బయటికి లాగండి. చక్రాల రకమైతే చివర కాస్త పైకెత్తితే వచ్చేస్తుంది. బాల్ బేరింగ్ రకానికి రెండు పక్కలా నల్లటి ప్లాస్టిక్ మీట ఉంటుంది. ఒక పక్క పైకి, రెండో పక్క కిందకి నొక్కి లాగాలి. తర్వాత కాబినెట్ ద్వారం వెడల్పు, పెట్టె బయటి వెడల్పు కొలవండి. తేడా సరిగ్గా ఒక అంగుళం రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువైతే మాత్రం సొరుగు బిగుసుకుపోతుంది. ఖాళీ మరీ ఎక్కువగా ఉంటే స్లైడ్ వెనక పల్చటి చెక్క ముక్కో అట్ట ముక్కో పెట్టి సరిచేయొచ్చు. పొడవు సరి సంఖ్యల్లో దొరుకుతుంది: 14, 16, 18, 20, 22 అంగుళాలు. కౌంటర్ కింది కాబినెట్ లోతు సాధారణంగా 24 అంగుళాలు, దానికి ఎక్కువగా 22 సరిపోతుంది. పాత స్లైడ్ మీద 550 అని ముద్ర కనబడితే అది మిల్లీమీటర్లు, 22 అంగుళాలే అనుకోవచ్చు. 500 అంటే 20, 450 అంటే 18.

చాలామంది చిక్కుకునేది వెనక భాగం దగ్గర. మన దగ్గర మాడ్యులర్ కిచెన్ కాబినెట్ అంటే పక్క పలకలు నున్నగా ముందు నుంచి వెనక్కి వెళ్తాయి, ఛానల్‌ను నేరుగా పలకకే కొడతారు. అమెరికా పాత కాబినెట్లలో చాలావాటికి ముందు భాగంలో చెక్క చట్రం ఉంటుంది. ఫేస్ ఫ్రేమ్ అంటారు. ఆ చట్రం పక్క పలక కంటే లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. అంటే స్లైడ్ ముందు కొస చట్రానికి తగులుతుంది, వెనక కొస గాల్లో ఉంటుంది. దాన్ని వెనక గోడకు పట్టి ఉంచడానికి రియర్ బ్రాకెట్ అనే చిన్న ముక్క కావాలి. చాలా ప్యాకెట్లలో ఇది ఉండదు, విడిగా కొనాలి. ఉన్నా ప్లాస్టిక్‌ది ఉంటుంది. మీ పాత సొరుగు వెనక్కి టార్చి వేసి చూడండి. ఒరిగిపోయిన సొరుగుల్లో చాలావాటికి అక్కడ ఆ తెల్ల ప్లాస్టిక్ ముక్కే చీలి వేలాడుతూ కనబడుతుంది. అలా ఉండి పట్టాలు, చక్రాలు బాగానే ఉంటే స్లైడ్లు కూడా కొననక్కర్లేదు. రెండు మూడు డాలర్ల బ్రాకెట్లు మార్చితే సరిపోతుంది.

బరువు సొరుగుకు నేను బ్రాకెట్‌ను నమ్మను. చట్రం ఎంత లోపలికి పొడుచుకొచ్చిందో అంత మందం ఉన్న చెక్క పట్టీని పక్క పలకకు ముందునుంచి వెనక్కి బిగించి, దాని మీద స్లైడ్ కొట్టడమే గట్టి పని. అప్పుడు బరువు ఒక్క ప్లాస్టిక్ ముక్క మీద కాకుండా పట్టీ పొడవునా పడుతుంది. పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో చాలావాటిలో చెక్క కొంటే అక్కడే కావలసిన పొడవుకు కోసిస్తారు. కొలత కాగితం మీద రాసుకుని వెళ్లండి.

బిగించేటప్పుడు కొన్ని చిన్న విషయాలు చాలా శ్రమ తగ్గిస్తాయి. స్లైడ్ మీద గుండ్రటి కన్నాలు, కోలగా ఉన్న కన్నాలు రెండూ ఉంటాయి. ముందు కోల కన్నాల్లోనే రెండు స్క్రూలు వేసి, సొరుగు తొడిగి, రెండు మూడు సార్లు లాగి నెట్టి చూడండి. పైకీ కిందకీ జరపడానికి వీలుంటుంది. అంతా సరిపోయాకే గుండ్రటి కన్నాల్లో స్క్రూలు వేయాలి. సొరుగు పక్క చెక్క అర అంగుళం మందమే ఉంటుంది కాబట్టి అంతకన్నా పొడవు స్క్రూ వేస్తే మొన లోపలికి పొడుచుకొస్తుంది. చెయ్యి పెట్టి గిన్నె తీసేటప్పుడు గీసుకుపోతుంది. చక్రాల రకమైతే పట్టాల మీద సీఎల్, సీఆర్, డీఎల్, డీఆర్ అని ముద్ర ఉంటుంది: కాబినెట్ ఎడమ, కాబినెట్ కుడి, డ్రాయర్ ఎడమ, డ్రాయర్ కుడి. వీటిని తారుమారు చేస్తే సొరుగు ఎక్కనే ఎక్కదు. పాత కన్నం పెద్దదైపోయి స్క్రూ వదులుగా తిరుగుతుంటే వడ్రంగి జిగురు పూసిన టూత్‌పిక్కులు రెండు మూడు అందులో దోపి, విరిచి, ఆరనిచ్చి అక్కడే మళ్లీ బిగించండి. 1978కి ముందు కట్టిన ఇంట్లో కాబినెట్‌కు పాత రంగు ఉంటే దాన్ని గీకడం, సాండ్‌పేపర్ పట్టడం చేయకండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు, పసిపిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము ప్రమాదం.

ఎక్కడ కొనాలి? హోమ్ డిపో, లోస్, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మెనార్డ్స్ అందరికీ తెలిసినవే. అమెరికన్ కంపెనీల్లో మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో 1898లో మొదలైన నేప్ అండ్ వోగ్ట్, కాలిఫోర్నియా నుంచి వచ్చే అక్యురైడ్ పేరున్నవి. ఆస్ట్రియా కంపెనీ బ్లూమ్ అండర్‌మౌంట్ రకానికి ప్రసిద్ధి. బరువు సొరుగుకు ఇలాంటి పేరున్నవే తీసుకోండి, తేలిక సొరుగులకు షాపు సొంత బ్రాండ్ సరిపోతుంది. సొరుగులు చాలా ఉంటే ఆన్‌లైన్‌లో పది జతల పెట్టె తీసుకుంటే ఒక్కో జత బాగా చవక పడుతుంది. కానీ ముందు ఒకే జత కొని, ఒక సొరుగుకు వేసి చూసి, తర్వాతే పెట్టె కొనండి. ప్యాకెట్ మీద ఉండే పౌండ్ల అంకె జత మొత్తానిది, ఒక్కో స్లైడ్‌ది కాదు. బరువు సొరుగంతా సమానంగా పరుచుకుని ఉంటుందనే లెక్క మీద వేసిన అంకె అది. 50 పౌండ్లు పెట్టే సొరుగుకు 100 పౌండ్లది తీసుకోండి. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వాళ్ల రీస్టోర్ దుకాణాల్లో ఇళ్లలో మిగిలిపోయిన సామాను తక్కువ ధరకు అమ్ముతారు. స్లైడ్లు దొరికితే కుడి ఎడమలు, లోపలి బయటి ముక్కలు అన్నీ ఉన్నాయో లేదో అక్కడే జత చేసి చూసుకోండి.

ఇండియా వెళ్లినప్పుడు తెచ్చుకుందామా అని కూడా అడుగుతారు. అక్కడి టెలిస్కోపిక్ ఛానల్ కొలత ఇక్కడికీ సరిపోతుంది, అందులో ఇబ్బంది లేదు. కానీ ఉక్కు బరువుతో సూట్‌కేస్ నింపుకుని వచ్చాక పొడవు కుదరకపోతే వెనక్కి ఇచ్చే దారి లేదు. ఇక్కడి పెద్ద షాపుల్లో రసీదు ఉంటే మామూలుగా 90 రోజుల దాకా తిరిగి తీసుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో మాట: రేటు చీటీ మీద ఉన్న ధరకు అమ్మకం పన్ను కలిసి ఉండదు. టెక్సాస్‌లో చాలా ఊళ్లలో 8.25 శాతం, న్యూజెర్సీలో 6.625 శాతం బిల్లు దగ్గర పడుతుంది. హ్యాండీమ్యాన్‌ను పిలిస్తే అతని కనీస చార్జీయే స్లైడ్ల ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. డ్రిల్లు లేకపోతే పక్కింటివాళ్లనో తెలుగు వాట్సాప్ గ్రూపులోనో అడగండి, తప్పకుండా ఎవరో ఒకరి గరాజ్‌లో ఉంటుంది.

వేసిన తర్వాత కూడా కాస్త చూసుకోవాలి. మన తాలింపు ఆవిరిలోని నూనె, శనగపిండి, పసుపు పొడి కలిసి పట్టాల మీద జిగట పొరలా పేరుకుంటాయి. ఆర్నెల్లకోసారి గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి వదిలేయండి. వంట నూనె మాత్రం పూయకండి, దుమ్మును అది ఇంకా పట్టుకుంటుంది. బాల్ బేరింగ్ సొరుగు కొన్నాళ్లకు పూర్తిగా బయటికి రాకుండా మధ్యలో ఆగిపోతుంటే లోపల గుండ్లను పట్టి ఉంచే రేకు చోటు తప్పి ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. సొరుగు ఖాళీ చేసి, ఆగిన చోటు దాటి చివరిదాకా గట్టిగా ఒకసారి లాగి, అంతే గట్టిగా మూస్తే ఆ రేకు తన చోటికి వచ్చేస్తుంది. దానికి కొత్త స్లైడ్ కొననక్కర్లేదు.