ఎంత తిన్నా ఒళ్లు పట్టదనే పిల్లలకు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: నా నర్సు ఉద్యోగమంతా ఈ మూడు ఊళ్ల చుట్టూనే గడిచింది. చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఎందరి బరువో తూచాను. ఒళ్లు తగ్గడానికి సలహా చెప్పేవాళ్లు ఇప్పుడు వీధికొకరున్నారు. ఒళ్లు పట్టక కుమిలిపోయే పిల్లలకు మాత్రం అందరూ చెప్పేది ఒకటే, ‘బాగా తిను’ అని. తినలేకపోవడమే వాళ్ల బాధ. అందుకే నాకు తెలిసినవి వరసగా చెబుతున్నాను.

1. సన్నగా ఉండటం వేరు, సన్నబడటం వేరు.

మీ నాయన, మీ తాత అందరూ బక్కపలచని మనుషులే, నీ బరువు కూడా ఏళ్ల తరబడి ఒకేలా ఉందంటే కంగారు పడనక్కర్లేదు. 165 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నవాళ్లకు 50 కిలోలు దాటి ఉంటే చాలు. అంతకు తక్కువుంటే పెంచుకోవాలి. ఏ ప్రయత్నమూ చేయకుండానే నాలుగైదు నెలల్లో చొక్కా వదులైపోయిందంటే మాత్రం ముందు తిండి మాట కాదు, డాక్టరు మాట. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటే గళ్ల పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. ధర్మవరం దగ్గర బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రిలోనూ టీబీ రోగులను ఏళ్లుగా చూస్తున్నారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం అయితే షుగరు పరీక్ష, గుండెదడా చేతుల వణుకూ అయితే థైరాయిడ్ పరీక్ష. కడుపులో పురుగులుంటే తిన్నది ఒంటికి పట్టదు. బళ్లలో, అంగన్‌వాడీల్లో ఏటా ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర పిల్లల చేత తప్పక మింగించండి.

టీబీ గురించి ఇంకొక్క మాట. మగ్గం, మంచం, పొయ్యి ఒకే గదిలో ఉండే ఇళ్లు నేను చాలా చూశాను. అలాంటి ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లకు పాకడం తేలిక. జార్ఖండ్‌లో టీబీ రోగులకే కాక వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా నెలనెలా తలా అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చి చూశారు. 2023లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఇంట్లోవాళ్లకు కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. బియ్యమూ పప్పూ చేసిన పని అది. రోగుల తిండి కోసం కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేసింది. ఆ డబ్బు తిండికే పెట్టండి, అప్పుకు జమకట్టొద్దు.

2. ఆకలి కోసం కాచుకుని కూర్చోవద్దు.

సన్నటి మనుషుల్లో చాలామందికి ఆకలి తక్కువ. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. ‘ఆకలైనప్పుడు తింటాలే’ అనేవాడికి సాయంత్రమైనా ఆకలి కాదు. గడియారం చూసి తినాలి. మూడు పూటలూ పెద్ద భోజనాలు దిగనప్పుడు, ఉన్న తిండినే అయిదారు సార్లుగా తినాలి. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల గదులు తీసుకుని షిఫ్టులకు పోయే పిల్లలు పెరిగారు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఏమీ తినకుండా పడుకుని, మధ్యాహ్నం లేస్తారు. ఒక పూట అట్లే పోయింది. పడుకునే ముందు రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు అయినా లోపలికి పోవాలి.

3. ఏం తింటున్నావో రాసిపెట్టు.

ధర్మవరంలో ఒక నేత కుర్రాడు, ‘నర్సమ్మా, ఎంత తిన్నా నాకు ఒళ్లు పట్టదు’ అన్నాడు. నేను వాదించలేదు. ‘నాలుగు రోజులు తిన్నదంతా కాగితం మీద రాసుకురా నాయనా’ అన్నాను. అతను తెచ్చిన కాగితం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. పొద్దున ఆరింటికి టీ. తొమ్మిదిన్నరకు రెండు ఇడ్లీ. పదకొండుకు టీ. పన్నెండున్నరకు మళ్లీ టీ, పక్కన చిన్నగా ‘బీడీ’ అని కూడా రాశాడు. మూడుకు అన్నం, చారు. అయిదుకు టీ. రాత్రి పదికి అన్నం, మజ్జిగ. పప్పు నాలుగు రోజుల్లో ఒక్కసారి కనిపించింది. గుడ్డు, చెనక్కాయలు, పెరుగు అసలే లేవు.

అతను అబద్ధమాడలేదు. రోజంతా నోట్లో ఏదో ఒకటి పడుతూనే ఉంది కాబట్టి బాగా తింటున్నాననే అనుకున్నాడు. చీర పూర్తయితేనే కూలి చేతికొస్తుంది. గుంతలో కాళ్లు పెట్టి మగ్గం ముందు కూర్చున్నవాడికి లేవబుద్ధి కాదు. టీ అయితే అక్కడికే వస్తుంది, అన్నానికి లేవాలి. ఆ టీలూ బీడీలూ ఉన్న కాస్త ఆకలినీ చంపేస్తాయి. మగ్గం పక్కన ఒక డబ్బాలో వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క పెట్టుకోమన్నాను. టీ వచ్చినప్పుడల్లా గుప్పెడు తిని, తర్వాతే టీ తాగమన్నాను. పెద్దవాళ్లు మీరు పక్కనే ఉండి బీడీ మాన్పించగలిగితే ఇంకా మేలు.

4. పళ్లెం పెంచొద్దు, పళ్లెంలో బలం పెంచు.

నేను చెప్పేవాటన్నిటిలో ముఖ్యమైంది ఇదే. చిన్న కడుపులోకి ఎక్కువ అన్నం తోస్తే వాంతి వస్తుంది, మర్నాడు అన్నం చూస్తేనే వెగటు పుడుతుంది. అదే నాలుగు ముద్దల్లో నూనె, పప్పు, పెరుగు ఎక్కించాలి. మనది చెనక్కాయల సీమ. వాన లేని నేలలో దాన్నే నమ్ముకుని బతికాం. కాయలు బస్తాలకెత్తి అమ్మి, ఇంట్లో పలచని చారు తాగడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. వంద గ్రాముల చెనక్కాయ విత్తనాల్లో సుమారు 560 కేలరీలు, 25 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. గుప్పెడు తిన్నా 170 దాకా వస్తాయి. పావు లీటరు ఎనుము పాలు కలిపితే ఇంకో 250. మామూలు తిండి మీద రోజూ 300 నుంచి 500 కేలరీలు ఎక్కువ పడితే చాలు, బరువు మెల్లగా కదులుతుంది.

సంగటి తినే ఇంట్లో ఇది ఇంకా సులువు. రాగుల్లో సున్నం దండిగా ఉంటుంది, ఎముకకు మంచిది. కానీ ఉడికిన సంగటిలో సగానికి పైగా నీళ్లే, ముద్ద పెద్దదిగా కనబడి కడుపు తొందరగా నింపుతుంది. కాబట్టి ముద్ద చిన్నది చేసి, పక్కన ఊరిబిండి పెద్దది పెట్టు. వేయించిన చెనక్కాయలు, మిరపకాయ, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో బరకగా నూరి, తాలింపులో నూనెకు వెనకాడకు. సంగటి గుంటలో ఒక చెంచా నెయ్యి పోయి. పొద్దున ఉగ్గాని చేస్తే పప్పుల పొడి రెండు చెంచాలు ఎక్కువ చల్లు, పైన చెనక్కాయలు వేయి, పక్కన ఉడికిన గుడ్డు పెట్టు. బొరుగులు ఒట్టి గాలి, వాటినే నమ్ముకోవద్దు. చలికాలం అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు పులుసు వారానికి రెండుసార్లయినా చేయండి, ఆకలి లేనివాడు కూడా రెండో ముద్ద అడుగుతాడు. మాంసం తినే ఇళ్లలో ఆదివారం ఒక్కరోజే అరకిలో తినిపించేకన్నా రోజుకో గుడ్డు ఎక్కువ మేలు.

చెనక్కాయలు ఏరి తినండి. ముడుచుకున్నవి, బూజు పట్టినవి, నోట్లో చేదు తగిలినవి పారేయండి. ఆ బూజులో కాలేయాన్ని చెడగొట్టే విషం ఉంటుంది. చెనక్కాయలు పడక దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు వాటి జోలికే పోవద్దు, వాళ్లకు నువ్వులు పడితే నువ్వుల పొడి, లేదంటే పాలు, పెరుగు, గుడ్డు.

5. అన్నానికి ముందు చెంబెడు నీళ్లు వద్దు.

నీళ్లు తిన్న తర్వాత తాగు. దాహానికి పలచని మజ్జిగ బదులు గడ్డపెరుగు చిలికి, బెల్లం వేసి తాగు. నమలడానికి ఓపిక లేని రోజు పాలు పోసిన రాగి జావ మంచిది.

6. కండకు పని పెట్టు.

పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చాలా ఏళ్లుగా చెబుతున్న సంగతి ఒకటుంది. మనవాళ్లు పైకి సన్నగా కనబడినా లోపల కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. ఆ ఒంటి మీద బేకరీ పఫ్‌లూ కూల్‌డ్రింకులూ పోస్తే పెరిగేది పొట్ట ఒక్కటే, ముప్పై దాటగానే షుగరు పలకరిస్తుంది. గుంజీళ్లు, దండాలు, ఇసుక నింపిన సంచి ఎత్తడం వారానికి మూడు రోజులు చేసినా తిన్నది కండకు పోతుంది, ఆకలీ లేస్తుంది. పొద్దంతా కూర్చుని నేసేవాళ్లకు ఇది మరీ అవసరం.

7. ‘ఒళ్లు వచ్చే మాత్రలు’ ముట్టుకోవద్దు.

పది రోజుల్లో బుగ్గలు నిండాయంటే అందులో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. ముఖానికి నీరు పడుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముక గుల్లబారుతుంది. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే. ఆ మాత్ర చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు.

8. వారానికి ఒక్కసారే తూగు.

పొద్దున, ఏమీ తినకముందు, అదే కాటా మీద. నెలకు కిలో పెరిగితే చాలా మంచిది. రోజూ కాటా ఎక్కి దిగులు పడితే ఉన్న ఆకలి కూడా పోతుంది. రెండు నెలలు ఇవన్నీ చేసినా ముల్లు కదలకపోతే మళ్లీ మొదటి మాటకు రండి, రక్తపరీక్షలు చేయించండి.

9. కోడళ్ల పళ్లెం చూడండి.

హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి అందరికీ వండుతారు, తాము తినకుండానే బస్సెక్కుతారు. డబ్బాలో అన్నం, అడుగున మిగిలిన పులుసు. రాత్రి అందరూ తిన్నాక మిగిలింది. ఆ పిల్లను చూసి ‘పుల్లలా ఉంది, బిడ్డ ఎట్లా నిలుస్తాడు’ అని ఇరుగుపొరుగు అంటుంటే నాకు కోపం వచ్చేది. అత్తమ్మలకు నేను చేతులు పట్టుకుని చెప్పేదాన్ని: ‘అక్కా, పప్పు దించగానే ముందు ఆ పిల్ల డబ్బా కట్టండి, తర్వాతే మిగతా గిన్నెలు.’ కొందరు విన్నారు. అలా విన్న ఇళ్లలో గర్భిణుల బరువు కార్డు మీద గీత పైకి ఎక్కడం నేను చూశాను. ఆ డబ్బాలో అన్నంతో పాటు గట్టిపప్పు, ఒక గుడ్డు, పెరుగు ఉండాలి, చేతిసంచిలో ఒక చిక్కి పొట్లం. బస్సులో కూర్చోగానే తినడానికి అరటిపండు విడిగా ఇవ్వండి.