కోసిన పచ్చిక, వరిగడ్డి: కలిపి కంపోస్టు చేయు విధానం

ఉపోద్ఘాతం

వరంగల్ నగరాన్ని ఆనుకొని ఉన్న హసన్‌పర్తి ప్రాంతంలో ఎర్రగట్టు గుట్ట, అనంతసాగర్ పరిసరాలలో విద్యాసంస్థల ఆవరణలు విస్తరించి ఉన్నాయి. ప్రహరీ దాటితే వరి పొలాలు కనిపిస్తాయి. వర్షాకాలంలో ఆవరణల లోపల లాన్ కోసిన పచ్చిగడ్డి పోగుపడుతుంది. కోతల తరువాత వెలుపల హార్వెస్టర్ వదిలిన వరిగడ్డి మిగులుతుంది. సాధారణంగా మొదటిది చెత్తబండికి, రెండవది నిప్పుకు చేరుతుంది. ఈ రెండింటిని వేర్వేరు సమస్యలుగా భావించినంతకాలం పరిష్కారం శ్రమగానే తోస్తుంది. ఒకదానిలోని లోపాన్ని మరొకటి పూరిస్తుందని, ఆ పూరణను లెక్కకట్టి చూపవచ్చునని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లాన్‌లోనే వదలదగిన సందర్భం

ప్రతి కోతలోనూ గడ్డి ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదు. 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంచదలచిన గరిక లాన్‌ను 6 సెంటీమీటర్లకు పెరగగానే కోయాలి. అప్పుడు తెగిన పొట్టి ఆకులు పిలకల నడుమకు జారి, త్వరగా కుళ్ళి నేలలో కలుస్తాయి. లాన్ వార్షిక నత్రజని అవసరంలో సుమారు నాలుగవ వంతు ఈ విధంగా తీరగలదు. వదిలిన గడ్డి వల్లనే నేలపై పీచుపొర ఏర్పడుతుందన్న అభిప్రాయం సరికాదు. ఆ పొరకు ప్రధాన కారణం లిగ్నిన్ అధికంగా గల కాండాలు, వేర్లు. ఆకులు అంతకంటె ఎంతో వేగంగా కుళ్ళుతాయి.

అయితే ముసురు వల్ల కోత ఆలస్యమై గడ్డి ఏపుగా పెరిగినప్పుడు, కోసినది ముద్దలుగా పడినప్పుడు, లేదా లాన్‌లో శిలీంధ్రపు మచ్చలు కనిపించినప్పుడు దానిని ఎత్తివేయడమే మేలు. ముద్దల కింద గడ్డికి వెలుతురు అందక పసుపుబారుతుంది.

మిశ్రమపు లెక్క

ఎత్తిన పచ్చికను ఒంటిగా కుప్ప వేస్తే అణగిపోయి, గాలి ఆడక దుర్వాసన వస్తుంది. నత్రజనిలో కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది. వరిగడ్డి ఒంటిగా నత్రజని చాలక నెలల తరబడి కుళ్ళదు. కంపోస్టు ప్రారంభంలో కర్బన-నత్రజని నిష్పత్తి 25 నుండి 30, తేమ 50 నుండి 60 శాతం ఉండటం అనుకూలం.

ఉదాహరణకు 100 కిలోల పచ్చి గడ్డిలో 75 శాతం తేమ ఉన్నదనుకుందాం. మిగిలిన 25 కిలోల పొడి పదార్థంలో కర్బనం 42 శాతం, నత్రజని 2.4 శాతం చొప్పున కర్బనం 10.5 కిలోలు, నత్రజని 0.6 కిలో ఉంటాయి. ఈ నత్రజని సుమారు 1.3 కిలోల యూరియాకు సమానం. దీనికి 10 శాతం తేమ గల 36 కిలోల వరిగడ్డిని చేర్చుదాం. పొడి పదార్థంలో కర్బనం 40 శాతం, నత్రజని 0.57 శాతంగా తీసుకుంటే, మిశ్రమపు నిష్పత్తి సుమారు 30 అవుతుంది. మొత్తం 136 కిలోలలో నీరు 78.6 కిలోలు, అనగా తేమ 58 శాతం. నిష్పత్తిని సరిచేసిన వరిగడ్డే తేమను కూడా సరిచేసింది. కావున తూకంలో మూడు పాళ్ళ పచ్చికకు ఒక పాలు వరిగడ్డి అన్నది గుర్తుంచుకోదగిన సూత్రం. స్థానిక నమూనాల విశ్లేషణను బట్టి దీనిని సవరించుకోవాలి.

కుప్ప వేయు పద్ధతి

వరిగడ్డిని చిన్న ముక్కలుగా నరకాలి. నీరు నిలవని చోట 15 సెంటీమీటర్ల వరిగడ్డి పరచి, ఆపై పలుచగా పచ్చికను వేస్తూ పొరలు పేర్చాలి. పేడ నీటిని చల్లుతూ మీటరు నుండి మీటరున్నర ఎత్తు వరకు కట్టాలి. లోపలి ఉష్ణోగ్రత 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు, తెగులు కారకాలు చాలావరకు నశిస్తాయి. వారం తరువాత ఒకసారి, ఆపై పదిహేను రోజులకొకసారి తిరగవేయాలి. అమ్మోనియా వాసన వస్తే వరిగడ్డిని చేర్చాలి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే గాలి చాలలేదని గ్రహించి తిరగవేయాలి. పిడికిట పిండితే వేళ్ళ సందున తడి కనిపించాలి, ధారగా కారరాదు.

జాగ్రత్తలు

2,4-డి చల్లిన లాన్‌లో తదుపరి మూడు, నాలుగు కోతల గడ్డిని అక్కడే వదలాలి. దానిని పత్తి, టమాట మొక్కల మొదట్లో ఆచ్ఛాదనగా వాడరాదు. ఆ మందుకు ఈ పైర్లు అతి సున్నితమైనవి. గరిక కణుపుల నుండి వేళ్ళూనుతుంది కనుక, ఆచ్ఛాదనకు వాడే ముందు దానిని ఎండలో బాగా ఆరబెట్టాలి. చేతితో పెరికిన తుంగ గడ్డలను కుప్పలో వేయరాదు. మందులు చల్లిన లాన్ గడ్డిని, కుప్పలో వేడెక్కి బూజు పట్టిన గడ్డిని పశువులకు మేపరాదు.

ముగింపు

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 5,000 చదరపు మీటర్లకు మించిన సంస్థలు కుళ్ళే వ్యర్థాలను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేయాలని నిర్దేశించాయి. వరిగడ్డిని కాల్చితే అందులోని కర్బనం, నత్రజని దాదాపుగా గాలిపాలవుతాయి. ఆవరణకు వరిగడ్డిని ఇచ్చిన రైతుకు తయారైన కంపోస్టులో వాటా ఇచ్చే ఏర్పాటు చేస్తే, నిప్పు పెట్టవద్దన్న మాటకు ప్రయోజనం తోడవుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఒక్కొక్క ఆవరణలో ఒక కుప్పతో ప్రదర్శన ప్రారంభించవచ్చు. విద్యార్థులు కోత బరువు, తేమ, కుప్ప ఉష్ణోగ్రతలను వారంవారం నమోదు చేస్తే, హసన్‌పర్తికి సరిపడే పాళ్ళు ఇక్కడి కొలతల నుండే రూపొందుతాయి.