పరదేశమున కార్యనిర్వహణము

ఒక దేశమున చక్కగా నడచుచున్న సంస్థను మరియొక దేశమునకు గొనిపోయి నెలకొల్పదలచినవారికి మొదట స్ఫురించునవి ధనము, యంత్రములు, నియమావళి. ఈ మూడింటిని ఓడపై నెక్కించి పంపవచ్చును. కాని ఆ నియమములు పుట్టినచోట వానికి ప్రాణము పోసిన దేదో, అది ఓడ యెక్కదు. దానిని క్రొత్తచోట మరల పుట్టింపవలసినదే. ఈ విషయమును ఊహచే గాక జరిగిన చరిత్రచే పరిశీలించుట మేలు. జపాను దేశపు కర్మాగార పద్ధతులు 1980 తరువాతి యేండ్లలో దాదాపు ఒకే కాలమున అమెరికాకును, మన దేశమునకును చేరిన వృత్తాంతము ఇందులకు మిక్కిలి తగినది.

ఆ వృత్తాంతము మోటారుకార్లతో గాక మగ్గముతో మొదలగును. సకీచీ టొయోడా యను వడ్రంగి కుమారుడు జపానులో జీవితమంతయు మగ్గములను బాగుచేయుటయందే గడపెను. 1924లో ఆయనయు, ఆయన కుమారుడు కీచిరోయును రూపొందించిన స్వయంచాలక మగ్గమున ఒక విశేష ముండెను. నూలుపోగు తెగిన తక్షణమే ఆ మగ్గము తనంతట తానే ఆగిపోవును. చేమగ్గముపై నేయువానికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. పోగు తెగినచో అతడు నిలిచి, ముడివేసి, ఆపైననే నాడెను విసరును. తెగిన పోగుతోనే నేసినచో గుడ్డ పొడవు పెరుగునే గాని విలువ పెరుగదు. మరమగ్గము ఈ వివేకమును పోగొట్టుకొనగా, సకీచీ దానిని తిరిగి యంత్రమునకు నేర్పెను. ఆ మగ్గము హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ సంస్థ 1929లో కొనెను. కీచిరో 1937లో టొయోటా మోటారు సంస్థను స్థాపించెను.

కార్ల కర్మాగారమున ఈ సూత్రమే తాడు రూపమును దాల్చినది. కార్లు కదలిపోవు వరుస వెంబడి తలపైన ఒక తాడు వ్రేలాడుచుండును. ఏ కార్మికుడైనను తన పనిలో లోపము కనబడినచో దానిని లాగవచ్చును. వెంటనే సంకేతము మ్రోగును. జట్టు నాయకుడు పరుగున వచ్చును. ఆ కారు నియమితమైన గుర్తును దాటులోపల లోపము సరియైన సరే, కానిచో వరుస నిలిచిపోవును. వేలమంది పని ఒక సామాన్యుని చేతిలోని తాటిపై ఆధారపడియున్నదన్నమాట.

అదే కాలమున అమెరికా కర్మాగారములలో దీనికి పూర్తిగా విరుద్ధమైన ధర్మము చెల్లుచుండెను. వరుసను ఆపుట మహాపరాధము. మర బిగియకున్నను, తలుపు వంకరగా కూర్చున్నను కారు ముందునకు సాగవలసినదే. తరువాత ఆవరణలో నిలిపి దానిని విప్పి సవరింతురు. కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంట్ అనుచోట జనరల్ మోటార్స్ సంస్థకు గల కర్మాగారము ఈ విధముననే నడచి అపకీర్తి పొందినది. అచట దినమునకు నూటికి ఇరువదిమంది వరకు పనికి రాకుండుట సామాన్యము. పనివేళ మద్యపానము, హఠాత్తుగా సమ్మెలు, వేలకొలదిగా పేరుకొనిన ఫిర్యాదులు. కార్మికులు యజమానులను నమ్మరు, యజమానులు కార్మికులను నమ్మరు. 1982లో సంస్థ దానిని మూసివేసెను.

1984లో టొయోటా, జనరల్ మోటార్స్ సంస్థలు కలిసి ఆ కర్మాగారమునే మరల తెరచినవి. జపాను కార్ల దిగుమతికి అప్పటికే పరిమితి యేర్పడియుండెను. కావున అమెరికా గడ్డపై అమెరికా కార్మికులతో పనిచేయుట ఎట్లో టొయోటా నేర్వవలసియుండెను. చిన్నకార్లను చక్కగా చేయుట యెట్లో జనరల్ మోటార్స్ నేర్వగోరెను. నిర్వహణభారము టొయోటాది. సకీచీ మనుమడగు తత్సురో టొయోడా ఈ ఉమ్మడి సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యెను. పాత కార్మికసంఘమును గుర్తింపవలసివచ్చెను. తొలుత పనిలో చేరినవారిలో నూటికి ఎనుబదియైదుగురు ఆ పాత కర్మాగారమువారే. ఏ మనుష్యులు చెడ్డవారని చెప్పి తలుపులు మూసిరో, ఆ మనుష్యులే మరల లోపలికి వచ్చిరి.

క్రొత్త సంస్థవారు వీరిలో వందలాదిమందిని జట్టు నాయకులుగా నెన్నుకొని జపానులోని తకావోకా కర్మాగారమునకు పంపిరి. అచట వారు ఉపన్యాసములు వినుటకన్న, అనుభవజ్ఞులగు జపాను కార్మికుల ప్రక్కన నిలిచి పనిచేయుటచే నెక్కువ నేర్చిరి. తిరిగివచ్చిన పిదప ఫ్రీమాంటులో తాళ్లు వ్రేలాడదీసిరి. తాడు వ్రేలాడదీయుట ఒక దినపు పని. దానిని లాగుటకు చేయి లేచుట ఒక దినపు పని గాదు. వరుసను ఆపినవాని ఉద్యోగము పోవునని యేండ్ల తరబడి ఎరిగినవాడు, ఇప్పుడు లాగవచ్చునని గోడపై వ్రాసినంతమాత్రమున లాగునా? లాగిన పిదప వచ్చిన నాయకుడు మొగము చిట్లించినచో ఆ తాడు మరల కదలదు. అతడు నింద వేయక, ఎందువలన జరిగినదని అడిగి, తాను చేయి కలిపినచో రెండవసారి సులభమగును. అట్లు ఒక్కొక్క పర్యాయము ఒక్కొక్క మనుష్యునియందు విశ్వాసము కుదురవలసివచ్చినది. ఇది నేర్పుటలో జపానువారికి భాష చాలలేదు. నడవడియే భాష అయినది.

నడవడిలో రెండు విషయములు ముఖ్యముగా గమనింపదగినవి. మొదటిది, అధికారులకు వేరుగా నున్న భోజనశాలను, వాహనములు నిలుపుటకు కేటాయించిన స్థలములను తొలగించుట. రెండవది అంతకన్న గట్టిది. కార్మికసంఘముతో చేసికొనిన ఒడంబడికలో, కష్టకాలము వచ్చినచో కార్మికులను తొలగించుటకు పూర్వము అధికారుల జీతములు తగ్గింపబడవలెననియు, బయటివారి కిచ్చిన పనిని లోనికి తెచ్చుకొనవలెననియు వ్రాసికొనిరి. వ్రాసిన మాటకు పరీక్ష త్వరలోనే వచ్చినది. 1988 ప్రాంతమున కార్ల అమ్మకములు బాగుగా తగ్గి, అంతమంది కార్మికులతో పని లేకపోయెను. పాత లెక్క ప్రకారము వందలమందిని ఇంటికి పంపవలెను. ఒక్కరినైనను పంపలేదు. మిగిలినవారిని శిక్షణమునందును, కర్మాగారమును బాగుచేయుటయందును నియోగించిరి. ఆ సంవత్సరమున తాటిని లాగుటకు భయపడువారి సంఖ్య తగ్గియుండుననుటలో ఆశ్చర్యము లేదు. అప్పటికే పనికి రానివారి సంఖ్య నూటికి మూడు నాలుగునకు దిగినది. కార్ల నాణ్యము తకావోకా కార్ల కించుమించు సమానమైనది.

ఇందు అంతయు తీపియే యని చెప్పుట సత్యము గాదు. పని వేగము ఊపిరి తిరుగనీయని విధముగ నున్నదనియు, నిముసములో ఒక్క క్షణమైన విశ్రాంతి మిగులదనియు కార్మికసంఘములోనే ఒక పక్షము గట్టిగా విమర్శించినది. ఆ విమర్శను తోసివేయుటకు వీలు లేదు. లోపమును చెప్పుకొను హక్కు కారుకే గాక దానిని చేయు శరీరమునకును ఉండవలెను గదా!

ఇచట నొక సందేహము కలుగవచ్చును. అమెరికా కార్మికుల స్వభావమే వేరనియు, జపానువారి వినయము వారికి లేదనియు, అందుచే ఫ్రీమాంటు విజయము కేవలము అదృష్టమనియు కొందరు వాదించిరి. దీనికి సమాధానము అదే రాష్ట్రమున దొరకుచున్నది. దక్షిణ కాలిఫోర్నియాలో వాన్ నయిస్ అనుచోట జనరల్ మోటార్స్‌కే మరియొక కర్మాగార ముండెను. ఫ్రీమాంటును చూచి అక్కడి నిర్వాహకులు అవే పద్ధతులను తెచ్చిరి, జట్లు ఏర్పరచిరి, తాడు కూడ వ్రేలాడదీసిరి. ఫ్రీమాంటులో భాష వేరు, ఆచారములు వేరు. వాన్ నయిస్‌లో అట్టి చిక్కేమియు లేదు. యజమాని అమెరికావాడే, కార్మికుడు అమెరికావాడే, సంఘము అదే. ఐనను పద్ధతి పట్టుకొనలేదు. కార్మికులు ఇది తమ సంఘమును బలహీనపరచు ఉపాయమని శంకించిరి. క్రింది అధికారులు తమ అధికారము పోవుననుకొనిరి. తాడు లాగినవానిపై పాత కోపమే చూపిరి. 1992లో ఆ కర్మాగారము మూతపడెను. బజారు పరిస్థితులును దీనికి కారణములే. అయినను జపానునుండి ఫ్రీమాంటునకు సముద్రము దాటి వచ్చినది, ఫ్రీమాంటునుండి ఒక పగటి ప్రయాణమంత దూరమునకు పోలేకపోయినదను సంగతి విస్మరింపరానిది. దేశాచారముల భేదము పెద్ద అడ్డంకియని మనము తలచుచుందుము. దానికన్న పెద్ద అడ్డంకి ఒకే యింటిలోని అవిశ్వాసము.

దేశాచారమునకు ప్రభావమే లేదని దీని అర్థము గాదు. ఒకే నియమము మూడు దేశములలో మూడు అర్థముల నిచ్చుట మన దేశపు ఉదాహరణమున తెలియును. సుజుకి సంస్థ 1982లో భారత ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. గుర్‌గావ్‌లో మారుతి కర్మాగారము వెలసి, మొదటి కారు 1983 డిసెంబరు 14న కొనుగోలుదారున కందెను. జపానువారు తమతో తెచ్చిన నియమములలో అందరికి ఒకే విధమైన దుస్తులు, ఒకే భోజనశాల, ఉదయమున అందరును కలిసి చేయు వ్యాయామము, గదులు లేని కార్యాలయము ఉండెను.

జపాను కర్మాగారమున అధికారి కార్మికుని ప్రక్కన కూర్చుండి భుజించుట సాధారణ విషయము. దానిని గూర్చి ఎవరును మాటాడరు. అమెరికాలో అది అధికారి హోదాను కొంత తగ్గించినట్లగును, అంతియే. మన దేశమున పంక్తి యనునది కేవలము భోజనమునకు సంబంధించినది గాదు. ఎవరి సరసన ఎవరు కూర్చుండవచ్చునను ప్రశ్న వేలయేండ్లుగా జనులను విడదీసినది. దానిపై తెల్లదొరల కాలపు కచ్చేరీ అలవాటులు చేరినవి: వేరు గది, తలుపువద్ద బంట్రోతు, పిలుపునకు గంట, వేరు గ్లాసు. అట్టిచోట పళ్లెము చేతబట్టుకొని కార్మికుని వెనుక వరుసలో నిలుచుట చిన్న విషయము గాదు. దానికి జంకిన అధికారులు లేకపోలేదు. మారుతి నిర్వాహకులలో వి. కృష్ణమూర్తి, ఆర్. సి. భార్గవ మున్నగు పెద్దలు ప్రభుత్వ కార్యాలయముల సంప్రదాయమున పెరిగినవారు. వారు ముందుగా వరుసలో నిలిచిన పిదప తక్కినవారికి తప్పించుకొను దారి లేకపోయినది. గీత మూడవ అధ్యాయము నెరిగిన పాఠకులకు ఇది క్రొత్త సంగతి గాదు. జపానున మామూలు అలవాటైన నియమము మన గడ్డపై సంఘసంస్కరణము వంటిదైనది. తెచ్చినవారికి ఆ సంగతి పూర్తిగా తెలిసియుండెనో లేదో చెప్పుట కష్టము.

ఆచారములు పోలినపుడు పని సులభమగునని తలచుటయు సగము పొరపాటే. రాయలసీమలోని పెనుకొండ ప్రాంతమున కొరియా దేశపు కియా సంస్థ 2019నుండి కార్లు చేయుచున్నది. కొరియాభాషలో పెద్దలను సంబోధించు తీరు వేరు, పిన్నలను సంబోధించు తీరు వేరు; మీరు, నీవు భేదమెరిగిన తెలుగు యువకునకు ఇది వెంటనే బోధపడును. కాని పెద్దల యెదుట ఎదురుచెప్పరాదని రెండు దేశములును నేర్పినపుడు, తెగిన పోగును చూచియు నోరు మెదపనివారు రెండు ప్రక్కలను ఉందురు. మర్యాద యనుకొనిన మౌనము క్రింద లోపము దాగును. అట్టిచోట ప్రశ్నింపుమని చెప్పుట చాలదు. ప్రశ్నించిన పిన్నవానిని పదిమందిలో మెచ్చుకొనవలసివచ్చును.

గుర్‌గావ్‌లో కుదిరిన విశ్వాసమైనను ఒకసారి కుదిరి శాశ్వతముగా నిలిచినది గాదు. సంస్థ పెరిగి, సమీపమున మానేసర్ అనుచోట మరియొక కర్మాగారమును నెలకొల్పెను. అచట స్థిరోద్యోగులతోపాటు కాంట్రాక్టు కార్మికులు పెద్దసంఖ్యలో చేరిరి. ఒకే వరుసలో నిలిచి ఒకే పని చేయువారిలో ఒకనికి జీతము హెచ్చు, ఒకనికి తక్కువ. ఒకనికి రేపటి నమ్మకము కలదు, ఒకనికి లేదు. 2011లో తమకు ప్రత్యేకముగా సంఘము కావలెనని కార్మికులు పలుమార్లు పని మానిరి. 2012 జూలై 18న కలహము చెలరేగి నిప్పు అంటుకొనెను; మానవవనరుల విభాగపు అధికారి యొకరు ప్రాణములు కోల్పోయిరి; అనేకులు గాయపడిరి. ఒక నెల దినములు కర్మాగారము మూతపడి, ఆగస్టు 21న పోలీసుల కావలి నడుమ కొలదిమంది కార్మికులతో తెరువబడెను. 2017లో న్యాయస్థానము పదముగ్గురికి యావజ్జీవ శిక్ష విధించి, నూటపదునేడుగురిని నిర్దోషులని విడిచిపెట్టెను. ఆ నిర్దోషులలో చాలమంది అప్పటికే సంవత్సరముల తరబడి చెరలో గడపియుండిరి.

ఆ హత్యకు సమర్థనము లేదు. ఐనను కార్యనిర్వహణమును అభ్యసించువారు ఆ దినమునకు ముందు సంవత్సరమును చదువవలెను. ఒకే దుస్తులు, ఒకే భోజనశాల మొదలగు నియమములు అప్పుడును ఉండనే యుండెను. జపానునుండి వచ్చిన అధికారికిని, హర్యానా పల్లెనుండి వచ్చిన కుర్రవానికిని నడుమ ఎన్ని మెట్లో! ఆ కుర్రవాడు ఒక్కొక్క మెట్టున చెప్పుకొనిన మాట పై మెట్టునకు చేరునప్పటికి ఎంత మిగిలినదో, 2011లో పని ఆగినపుడు అడిగి తెలిసికొనుటకు సమయ ముండెను.